చాప మీద మూడో చోటు

వెనకటికి చెంచురామయ్య అని ఒక షావుకారు ఉండేవాడు. మూలపడ్డ నూనె గానుగలను చవగ్గా కొని బాగుచేయించే వ్యాపారంలో ఆయనా, వీరాస్వామీ ఇద్దరే భాగస్తులు. ఇప్పుడు వీరాస్వామి వడ్రంగి గురవయ్యను మూడో భాగస్తుడిగా కలుపుకుందామన్నాడు. అంతే, చెంచురామయ్యకు కడుపుమంట మొదలైంది.

కొత్త బేరానికి ముగ్గురూ ఒకే బండిలో బయలుదేరారు. "గానుగ చప్పుడు విని పగులెక్కడుందో చెప్పేస్తాడు మా గురవయ్య!" అని దారిపొడవునా వీరాస్వామి ఒకటే పొగడ్త. తనని ఏనాడైనా అంత మాటన్నాడా? చెంచురామయ్య ఆ వడ్రంగి అక్కడ లేనట్టే ముఖం తిప్పుకుని, బేరం ఎంతదాకా పోవచ్చో వీరాస్వామితో తేల్చుకున్నాడు.

గానుగ యజమాని వసారాలో ఎదురెదురుగా రెండు చాపలు పరిచాడు. కొనేవాళ్లకొకటి, అమ్మేవాళ్లకొకటి. గురవయ్య కూర్చోబోతుంటే చెంచురామయ్య కాళ్లు బారజాపాడు.

"ఇక్కడ ఇద్దరికే చోటు."

"అట్టాగేనయ్యా" అంటూ గురవయ్య యజమాని వైపు తిరిగాడు. "బాబూ, మీ చాప మీద కాస్త చోటుందా? దారంతా వీళ్ల మాటలు వింటూనే వచ్చాను."

యజమాని ముఖం వెలిగిపోయింది. "రా రా, కూర్చో!"

బండిలో తేల్చుకున్న ధర చెంచురామయ్యకు గుర్తొచ్చింది. గబుక్కున కాళ్లు ముడుచుకుని, ఉత్తరీయంతో చాప దులిపాడు. "ఇటు రావయ్యా గురవయ్యా! మా భాగస్తుడివి, అక్కడ కూర్చుంటావా?"

గురవయ్య వచ్చి కూర్చుని చాప అంచు తడిమి చూశాడు. "ఇందాకటంతే ఉందే షావుకారుగారూ! మరి చోటెక్కడి నుంచి వచ్చింది?"

వీరాస్వామి పగలబడి నవ్వాడు. తన మాటకు అతనలా నవ్విన రోజు చెంచురామయ్యకు ఒక్కటీ గుర్తురాలేదు.