ముక్క దించినవాడు

నలభయ్యో రోజు మధ్యాహ్నం, పొద్దు గుంకడానికి ఇంకా రెండు గంటలు ఉండగా, సోమశేఖరం మౌనవ్రతం భంగమైందని గురువుగారు చెప్పారు.

సోమశేఖరం పెదవి విప్పలేదు. నాలుక కదపలేదు. కనీసం దగ్గలేదు. అయినా గురువుగారు చెప్పారు గనుక అది జరిగే ఉండాలి. ఎప్పుడు జరిగిందో, ఎలా జరిగిందో మాత్రం ఎంత ఆలోచించినా అతడికి తోచలేదు.

పడుగులపాలెం నేతవీధిలో గురువుగారైన ఏకాంబరయ్యగారి ఇల్లు ఆశ్రమం కాదు, ఆయన సన్న్యాసీ కాదు. తెల్లవారింది మొదలు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని చీరలు నేసే మనిషి. ప్రశ్నలు ఉన్నవాళ్ళు మగ్గం పక్కన చేరి అడిగేవారు. పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగకుండానే జవాబు వచ్చేది. కొన్నిసార్లు నాడె చప్పుడే తప్ప జవాబు వచ్చేది కాదు.

సోమశేఖరం ఒకప్పుడు సంస్కృత పాఠశాలలో తర్కం బోధించేవాడు. వాదంలో అతడిని గెలిచినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఒకనాడు వాదమంతా ఊకదంపుడని తోచి, ఉద్యోగం వదులుకొని, వచ్చి ఈ అరుగు పట్టాడు. మూడేళ్ళు నూలు తడిపాడు, కండెలు అందించాడు, ఉపదేశం ఇమ్మని అడిగాడు. మూడేళ్ళు నిండాక గురువుగారు, "నలభై రోజులు మౌనంగా ఉండు. నలభయ్యోనాడు పొద్దు గుంకాక ఇస్తాను" అన్నారు.

రోజుకొక చింతపిక్క గోడగూటిలో వేసుకుంటూ అతడు లెక్కపెట్టుకున్నాడు. రాయడమూ మాటే కదా అని మూడోనాడు పలక అవతల పెట్టేశాడు. పందొమ్మిదోనాడు తేలు కుట్టింది. చెయ్యి నీలంగా వాచింది గాని నోటివెంట "అమ్మా" అన్న మాట రాలేదు. ఆ సంగతి సంతకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి తేలు కాస్తా తాచుపాము అయింది. అది విని సోమశేఖరం కాదనలేదు. వ్రతంలో ఉన్నాడు కదా.

నలభయ్యో రోజు అమావాస్య అయింది. అమావాస్యకు మగ్గాలకు సెలవు. ఆనాడు భోజనాలయ్యాక గురువుగారి అరుగుమీద మూడుముక్కలాట సాగడం ఏనాటినుంచో ఉన్న ఆచారం. పందెం చింతపిక్కలు. గురువుగారు, రాట్నం మీద కండెలు చుట్టే ముత్తమ్మ, వీధి మొదట్లో ఉండే దర్జీ కోటిలింగం, రంగులద్దే నాగన్న ఆడేవారు. ఆ నెల నాగన్న కూతురి పురుటికని వెళ్ళి అల్లుడి ఊళ్ళోనే ఉండిపోయాడు.

"నాలుగో చెయ్యి లేదు. వచ్చి కూర్చో నాయనా" అన్నారు గురువుగారు.

పేకాట తనకు తగినది కాదని సోమశేఖరానికి అనిపించింది. గురువాజ్ఞ గనుక నాగన్న చోట, నీళ్ళకుండ పక్కన కూర్చున్నాడు.

"స్వామివారికి మన నియమం చెప్పరా కోటీ" అంది ముత్తమ్మ.

"ఏముంది స్వామీ. ముక్కలు చేతిలో ఉన్నంతసేపు ఎన్ని కోతలైనా కోయవచ్చు. నాకు రాజులు వచ్చారనవచ్చు, రాజుగారి మామగారూ వచ్చారనవచ్చు. వద్దనుకొని ముక్కలు దించేశామా, ఇక ఆ ఆట ముగిసేదాకా కిక్కురుమనకూడదు. ముక్క దించినవాడు మూగవాడు. ఎందుకంటే, వాడికి పోయేదేమీ లేదు, తెలిసింది మాత్రం ఉంటుంది." కోటిలింగం పేక కలుపుతూ నవ్వాడు. "మీకు కొత్తగా నేర్పేదేముంది. మీరు ముక్కలు పట్టకముందే మూగవారు."

ఆట మొదలైంది. నడుమ ఒకసారి ముత్తమ్మకు దగ్గు తెర వచ్చింది. ఆమె మోకాళ్ళు పట్టుకొని లేచి, స్తంభం ఆసరాగా అరుగు చుట్టివచ్చి, సోమశేఖరం మోచేతి పక్కనున్న కుండలోనుంచి నీళ్ళు ముంచుకొని తాగి, మళ్ళీ అంత దూరమూ వెళ్ళి కూర్చుంది. సోమశేఖరం ముఖంలో చలనం లేదు. ఇంకొక రెండు మూడు గంటలు గడిస్తే చాలునన్న ఆలోచనలో ఉన్నాడు.

చివరి ఆటలో అతడికి రెండు రాణులు, ఒక నాలుగు వచ్చాయి. ఆసక్తి లేక దించేశాడు. గురువుగారూ దించేశారు. ముత్తమ్మ, కోటిలింగం మిగిలారు.

కోటిలింగం తన పిక్కలన్నీ మధ్యకు తోశాడు. "అత్తా, దించెయ్యి. చెబితే బాగుండదు గాని, నా దగ్గర ముగ్గురు రాణులున్నారు. ముగ్గురినీ నేనే పోషించలేకపోతున్నాను."

ముత్తమ్మ తన ముక్కలను ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకొని చూసింది. ఆమెకు చూపు మందగించి రెండేళ్ళయింది. కాసేపు తల పక్కకు వంచి అలాగే ఉంది. తరువాత తన పిక్కలన్నీ తోసింది.

"చూపించరా కోటీ."

కోటిలింగం దగ్గర రాణి ఒక్కతీ లేదు. ఒక పది, ఒక ఏడు, ఒక రెండు ఉన్నాయి.

ముత్తమ్మ పిక్కలు దగ్గరకు లాక్కోబోతుంటే గురువుగారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఈ ఆట చెల్లదు. ఎవరివి వాళ్ళు తీసుకోండి. ముక్క దించినవాడు మాట్లాడాడు."

అందరూ సోమశేఖరం వైపు చూశారు.

"నీ వ్రతం పోయింది నాయనా. రేపటినుంచి మళ్ళీ ఒకటి." గురువుగారు లేచి, గూటిలోని నలభై పిక్కలను దోసిట్లోకి తీసుకొని వచ్చి, ఆట పిక్కల కుప్పలో కలిపేశారు. ఏవి వ్రతం పిక్కలో, ఏవి పందెం పిక్కలో ఇక తెలిసే దారి లేదు.

సోమశేఖరం నోరు తెరవబోయి ఆగాడు. నేను మాట్లాడలేదని అనాలంటే మాట్లాడాలి. అనకపోతే మాట్లాడినట్టు ఒప్పుకున్నట్టే. తర్కశాస్త్రంలో ఇంతటి చిక్కు అతడెన్నడూ చూడలేదు.

మరునాడు ముత్తమ్మ రాట్నం ముందు వెళ్ళి నిలబడ్డాడు. ఆమె నూలు తెగకుండా కండె నింపి, అప్పుడు తల ఎత్తింది.

"నేనేదో పితూరీ చెప్పాననుకుంటున్నావా నాయనా. నేనేమీ చెప్పలేదు. నువ్వే చెప్పావు. కోటిగాడు ముగ్గురు రాణులనగానే నీ ఊపిరి ఆగింది. ఆగి, సన్నగా, చల్లగా బయటికి వచ్చింది. అబద్ధమాడేవాణ్ణి చూసి నవ్వుకునే మనిషి ఊపిరి అది. రాణులు నీ దగ్గర ఉన్నారని నాకు చెప్పింది నువ్వా, నేనా?"

సోమశేఖరం తిరిగివచ్చి గూటిలో ఒక పిక్క వేశాడు. తప్పు తెలిసిందనుకున్నాడు. నోటిని కట్టి ఊపిరిని వదిలేశాడు. అదే లోపం.

ఆ నెలంతా ఊపిరిని సాధన చేశాడు. నూనెధారలాగా, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా పీల్చడం, వదలడం. పక్కన పిడుగు పడినా కదలనంత చేసుకున్నాడు. ఇరవైతొమ్మిదోనాడు అమావాస్య వచ్చింది. నాగన్న ఇంకా రాలేదు. సోమశేఖరం వెళ్ళి కుండ పక్కన కూర్చున్నాడు.

ఆనాడు కూడా ముత్తమ్మ దగ్గింది, మోకాళ్ళు పట్టుకొని లేచింది, స్తంభం ఆసరాగా అరుగు చుట్టివచ్చి నీళ్ళు తాగి వెళ్ళింది. అతడి ఊపిరి నూనెధార తెగలేదు.

ఒక ఆటలో అతడు ముక్కలతో పనిలేదన్నట్టు ముందే దించేశాడు, గురువుగారూ దించేశారు. ముత్తమ్మ కోటిలింగాన్ని ఉడికించింది. "రాజులు ఇద్దరు వచ్చి కూర్చున్నారురా నా ఒళ్ళో. నీ కత్తెర తీసుకొని ఇంటికి పో."

కోటిలింగం ముత్తమ్మను చూడలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకొని సోమశేఖరాన్నే చూశాడు. మండపం మీద చెక్కిన ద్వారపాలకుడు కూడా అంత నిశ్చలంగా ఉండడు.

"అమ్మో, ఇంత బందోబస్తా" అన్నాడు కోటిలింగం. "పెట్టెలో సొమ్ము లేనివాడు దానికి ఇన్ని తాళాలు వెయ్యడు. అత్తా, నీ రాజులు నీ ఒళ్ళో లేరు. స్వామివారి ఇంట్లో విడిది చేశారు." పిక్కలు తోశాడు, గెలిచాడు. సోమశేఖరం దించిన ముక్కల్లో నిజంగానే ముగ్గురు రాజులున్నారు.

గురువుగారు లేచి గూటి దగ్గరకు వెళ్ళి ఇరవైతొమ్మిది పిక్కలూ తెచ్చి కుప్పలో పోశారు.

ఆ తరువాతి నెల సోమశేఖరానికి ఎలా గడిచిందో తెలియలేదు. పిక్క వేస్తున్నాడు గాని వేస్తున్నప్పుడు చెయ్యి సందేహిస్తోంది. నోరు మూస్తే ఊపిరి పలికింది. ఊపిరిని బిగిస్తే ఆ బిగింపు పలికింది. కళ్ళు మూసుకుంటే అదీ పలుకుతుంది. లేచి వెళ్ళిపోతే ఆ ఖాళీచోటే పలుకుతుంది. మూడేళ్ళు, దానిమీద మూడు నెలలు. ఉపదేశం ఇవ్వడం ఇష్టం లేక ఈ పెద్దాయన ఆడుకుంటున్నాడా అన్న అనుమానం కూడా ఒక తెల్లవారుజామున వచ్చి, సిగ్గుపడి వెళ్ళిపోయింది. పూర్తిగా వెళ్ళలేదు.

మూడో అమావాస్యనాడు అరుగుమీద చాప పరిచారు. కోటిలింగం పేక తీశాడు. సోమశేఖరం కూర్చోలేదు.

"గురువుగారూ, నాకు అర్థం కావడం లేదు."

వంద రోజుల తరువాత వచ్చిన ఆ గొంతు తుప్పుపట్టిన గడియలాగా ఉంది. కోటిలింగం చేతిలోని పేక జారింది. ముత్తమ్మ, "పాపం, నోరు ఎండిపోయింది బిడ్డకు" అంది.

"ఏది అర్థం కాలేదు?" అన్నారు గురువుగారు.

"నోరు మూశాను, చాలలేదు. ఊపిరి బిగించాను, అదీ తప్పయింది. ఇంకా మూయవలసింది ఏది?"

"అదా. రా, కూర్చో. ముక్కలు పట్టుకో."

గురువుగారే పంచారు. సోమశేఖరం తన మూడు ముక్కలు ఎత్తి విప్పబోతుంటే ఆయన చెయ్యి చాచి, ఆ ముక్కలను అతడి వేళ్ళ మధ్యనే వెనక్కి తిప్పారు. బొమ్మలు అవతలివాళ్ళ వైపు, వెనుకవైపు సోమశేఖరం వైపు.

"నీవి మేం చూస్తాం. నువ్వు చూడకు. మాలో ఎవరమూ మాట్లాడం."

కోటిలింగం చూశాడు. ముత్తమ్మ కూర్చున్నచోటినుంచే ముందుకు వంగి, ముక్కు ఆనించినంత పనిచేసి చూసి, వెనక్కి జరిగింది. ఇద్దరూ తమ ముక్కలు దించేశారు. ఇక వాళ్ళు మూగవాళ్ళు. గురువుగారు మాత్రం ఒక పిక్క మధ్యలో పెట్టి, నీ వంతు అన్నట్టు చూశారు.

పిక్క పెట్టాలా, ముక్కలు దించాలా. తన చేతిలో ఉన్నది అందరికీ తెలుసు, తనకు తప్ప. సోమశేఖరం ముక్కల వీపులను చూశాడు. వాటిమీద నీలిరంగు గళ్ళు తప్ప మరేమీ లేవు. చూడటానికి ఇంకేమీ లేక తల ఎత్తాడు.

కోటిలింగం వీధిలో పోతున్న మేకను ఎంతో శ్రద్ధగా చూస్తున్నాడు. ఆ మేకలో అంత విశేషమేమీ లేదు. అతడి కాలి బొటనవేలు చాపను గోకుతోంది. ఎప్పుడూ వాగే ఆ మనిషి కళ్ళకింద నల్లని చారలున్నాయి. అవి ఇవాళ వచ్చినవి కావు.

ముత్తమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఆమె గుండెలోనుంచి, నూనె వెయ్యని రాట్నంలాగా, సన్నని కూత వస్తోంది. పీల్చినప్పుడు ఒక కూత, వదిలినప్పుడు ఒక కూత. మధ్యలో ఎక్కడో చిక్కుపడి ఆగి, గుటక వేసి, మళ్ళీ సాగుతోంది. గుటక పొడిగా ఉంది. ఆమె చూపు అతడి ముక్కలమీద లేదు. అతడి మోచేతి పక్కన ఉంది. అక్కడినుంచి స్తంభం మీదికి, స్తంభం నుంచి తన మోకాళ్ళమీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

అది ఎంతసేపటినుంచి వస్తున్న కూతో, ఎన్ని నెలలనుంచి వస్తున్న కూతో సోమశేఖరం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. గుర్తు రాలేదు.

ముక్కలు చాపమీద పెట్టాడు. పెట్టాడన్న ధ్యాస కూడా లేనట్టు పెట్టాడు. కుండమీది మూత తీసి, చెంబుతో నీళ్ళు ముంచి, లేచి, అరుగు చుట్టూ నడిచి వెళ్ళి ముత్తమ్మ చేతికి అందించాడు. ఆమె తాగేదాకా చెంబు అడుగున తన చెయ్యి ఉంచాడు.

"మూడు ఆసులు" అన్నాడు కోటిలింగం నీరసంగా. "పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ నా చేతికి రాలేదు. మూడు ఆసులు దించేశాడు మహానుభావుడు."

"కోటిలింగం" అన్నారు గురువుగారు.

"అవునవును. మూగవాణ్ణి."

ముత్తమ్మ చెంబు దించి, కొంగుతో మూతి తుడుచుకుంది. "చల్లగా ఉన్నాయి నాయనా. నేను అడగనే లేదు కదా."

సోమశేఖరం చెంబు తీసుకొని తన చోటికి వచ్చి, కుండమీద మూత పెట్టాడు. దించిన ముక్కలు ఎలా ఉన్నవో అలాగే పడి ఉన్నాయి. వాటిని తిప్పి చూడాలని అతడికి తోచలేదు.

గురువుగారు లేచి గూటి దగ్గరకు వెళ్ళారు. అందులో ఉన్న ఇరవైతొమ్మిది పిక్కలనూ ఎప్పటిలాగే తెచ్చి కుప్పలో కలిపారు. మళ్ళీ వెళ్ళారు. ఈసారి ఆయన గుప్పిట్లో ఒకే ఒక పిక్క ఉంది. దాన్ని గూటిలో వేశారు.

ఖాళీ గూటిలో అది చిన్న చప్పుడు చేసింది. సోమశేఖరం విన్నాడు.