ఇస్త్రీ చొక్కా

"ఒకరి తరఫున మాట్లాడాలంటే, వాళ్ళ పరువు తియ్యకుండా మాట్లాడే దారి ఉందా అమ్మా?" అని నాగవేణి ఒక సాయంత్రం మార్తమ్మ గారిని అడిగింది.

మార్తమ్మ గారు ముప్పై ఏళ్ళు మానసిక వైద్యశాలలో నర్సుగా పనిచేశారు. ఆ తరువాత ఉత్తరాంధ్రలోని ఒక చిన్న పట్టణంలో, మనోవ్యాధి ఉన్నవాళ్ళకూ వాళ్ళ ఇళ్ళవాళ్ళకూ అండగా ఉండే సంస్థను నడుపుతున్నారు. నాగవేణి అందులో చేరి ఏడు నెలలు. ఆ ఏడు నెలలూ ఆమె చేసినదల్లా ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో వరసల్లో నిలబడి, పక్కనున్న మనిషి జబ్బు ఎంత ఘోరమైనదో పదిమందీ వినేలా చెప్పడం. ఎంత ఘోరంగా చెబితే పని అంత త్వరగా అయ్యేది. ఇంటికి వెళ్ళాక అన్నం సయించేది కాదు.

మార్తమ్మ గారు చదువుతున్న కాగితం మీంచి తల ఎత్తలేదు. "బుధవారం సన్యాసమ్మ కొడుకు సదరం శిబిరానికి వస్తున్నాడు. నువ్వూ రా," అన్నారు.

సన్యాసమ్మ కొడుకు ఈశ్వరరావుకి ముప్పై నాలుగేళ్ళు. నెలనెలా ఇంజెక్షను పడితే ఇంటిపట్టున ఉంటాడు, ఆవును మేపుకొస్తాడు. అది తప్పితే, తనను ఎవరో పిలుస్తున్నారంటూ నడిచి వెళ్ళిపోతాడు. పోయిన వానాకాలంలో అలా వెళ్ళి, పదకొండు రోజులకు ఒక రైల్వే గేటు దగ్గర దొరికాడు. ఇంజెక్షను ఇచ్చే ఆసుపత్రి వాళ్ళ ఊరికి మూడు బస్సుల దూరం. బస్సు పాసు లేనిదే తల్లి అతన్ని నెలనెలా తీసుకెళ్ళలేదు. పాసు రావాలంటే సదరం శిబిరంలో డాక్టరు అతనికి నలభై శాతమైనా వైకల్యం ఉందని రాయాలి. రెండుసార్లు రాయలేదు. రెండుసార్లూ తల్లి అతన్ని పెళ్ళికొడుకులా తయారుచేసి, వారాల పేర్లూ ముఖ్యమంత్రి పేరూ కంఠతా పట్టించి తెచ్చింది. డాక్టరు అడిగారు, అతను చెప్పాడు. "బాగానే ఉన్నాడు కదమ్మా," అని పంపేశారు.

అందుకే ఈసారి నాగవేణి ముందుగానే కబురు చేసింది, ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా తీసుకురమ్మని.

బుధవారం ఆసుపత్రి వరండాలో, నిలబడడానికి చోటులేని జనం మధ్య, ఈశ్వరరావు ఇస్త్రీ చొక్కాతో, నూనె పెట్టి దువ్విన తలతో కూర్చుని ఉన్నాడు.

"ఈపాలి ఒక్కటీ తప్పుపోను మేడం," అన్నాడు నాగవేణిని చూడగానే.

నాగవేణి సన్యాసమ్మను పక్కకు లాగింది. "నేను చెప్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి?"

"పెద్ద డాట్రు బాబు కాడికి మాసిన గుడ్డల్తో ఎలగ తెత్తానమ్మా?" అంది సన్యాసమ్మ నొచ్చుకుంటూ. "నా కొడుకుని పిచ్చోడనుకోరా?"

మార్తమ్మ గారు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నారు. నాగవేణికి నవ్వు రాలేదు.

మధ్యాహ్నం రెండింటికి పిలుపొచ్చింది. డాక్టరు పేరు అడిగారు, వారం అడిగారు. ఈశ్వరరావు చెప్పాడు. అడగకుండానే ముఖ్యమంత్రి పేరు కూడా చెప్పాడు. డాక్టరు కలానికి మూత పెట్టబోయారు. రైల్వే గేటు సంగతి చెప్పడానికి నాగవేణి ఫైలు తెరిచింది. మార్తమ్మ గారు ఆ ఫైలు మీద చెయ్యి పెట్టి ఆపి, సన్యాసమ్మ వైపు తిరిగారు.

"బాబుని ఇంత చక్కగా తయారు చెయ్యడానికి ఎంతసేపు పట్టిందమ్మా?"

ఇన్నాళ్ళకు ఒకరు తన కష్టం గుర్తించారనుకుంది సన్యాసమ్మ. "సోమారం మొదలెట్టినానమ్మా. నీల్లు మీద పడితే అరుత్తాడు. తడిగుడ్డతో కొంచెం కొంచెం తుడిసినాను. గెడ్డం నిన్న ఒక పక్కే అయింది, కత్తి సూసి పారిపోనాడు. రెండో పక్క ఇయ్యాల పొద్దున గీసినాను. బొత్తాలు ఎట్టనివ్వడు, అవంటే బయం. బస్సులో కునుకు తీసినప్పుడు ఒకటొకటే ఎట్టినాను."

డాక్టరు కాస్త ముందుకు వంగి చూశారు. ఈశ్వరరావు కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద ఒక రోజు గరుకు ఉంది. డాక్టరు మళ్ళీ మూత తీసి, చాలాసేపు రాశారు. "అరవై వేశానమ్మా," అన్నారు.

సన్యాసమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

వరండాలోకి రాగానే నాగవేణి మార్తమ్మ గారి చెయ్యి పట్టుకుంది. "దారి ఉందమ్మా! ఒక్క చెడ్డ మాట అనకుండా పనైపోయింది. ఇక ప్రతి తల్లినీ ఇదే అడుగుతాను."

మార్తమ్మ గారు దొరికిన బల్ల మీద కూలబడ్డారు. ఎదురుగా ఈశ్వరరావు గోడ వైపు తిరిగి, ఎడమ చెంపను అరచేత్తో మూసుకుని నిలబడి ఉన్నాడు. తల్లి అరటిపండు ఒలిచి ఇస్తే తీసుకోలేదు.

"అడుగు," అన్నారావిడ. "అడిగే ముందు మాత్రం అతన్ని చూడు. నేను ఎప్పుడూ పని అయ్యాకే చూస్తున్నాను."