చుక్కకు పాసు లేదు

చింతలోవలో నూకయ్య ఇంట్లో ఉన్నది ముగ్గురే. నూకయ్య, అతని పెళ్ళాం పైడితల్లి, ఆమె తమ్ముడు సింహాచలం. ఊళ్ళో తెలివంతా తమ ముగ్గురి దగ్గరే ఉండిపోయిందని, అందుకే మిగతావాళ్ళు అలా తగలడ్డారని నూకయ్యకు గట్టి నమ్మకం. "చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమేరా తెలివంటే" అని మీసం దువ్వుకునేవాడు.

ఒకరోజు వాళ్ళ గేదె చుక్క తాడు తెంపుకుని సర్కారు అడవిలోకి పోయింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేదే చుక్క పాలమీద. పైగా అడవిలో చిరుతపులి తిరుగుతోందని జనం చెప్పుకుంటున్నారు. ముగ్గురూ లబోదిబోమంటూ అడవి చెక్‌పోస్టుకు పరుగెత్తి, లోపలికి పోవడానికి పాసు అడిగారు.

గార్డు పాసు రాసిచ్చి, "లోపల అరవకూడదు. అడవిలోంచి ఒక్క ఆకు కూడా బయటికి పోకూడదు. తెలిసిందా?" అన్నాడు.

"మాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది బాబూ!" అన్నాడు నూకయ్య.

అంతే. అడవిలో అడుగు పెట్టగానే గేదెను గుసగుసగా పిలవడం మొదలుపెట్టారు. "చుక్కా... ఒసే చుక్కా..." పక్కనున్న వాళ్ళకే వినబడటం లేదు, ఇక గేదెకేం వినబడుతుంది! "దీనికి చెవుడొచ్చింది బావా" అని సింహాచలం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తిరగ్గా తిరగ్గా వాగు పక్కన కనబడింది మహాతల్లి, హాయిగా ఆకులు మేస్తూ.

నూకయ్య ఆనందం పట్టలేక దాని మెడ కావిలించుకోబోయి, టక్కున ఆగిపోయాడు. "ఒసేయ్ పైడీ! ఒక్క ఆకు కూడా బయటికి పోకూడదన్నాడు గదా. దీని కడుపునిండా సర్కారు ఆకులేనే!"

ఇంకేముంది, కడుపు ఖాళీ అయ్యాక తోలుకుపోదామని ముగ్గురూ అక్కడే చతికిలబడ్డారు. అది పేడ వేసినప్పుడల్లా "శభాష్ తల్లీ" అని చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టడం, అది మళ్ళీ మెయ్యడం. పొద్దు వాలిపోయింది. వెతుక్కుంటూ వచ్చిన గార్డు సంగతంతా విని తల పట్టుకున్నాడు. "ముందు మీరు బయటికి నడవండయ్యా!" అని కసిరాడు.

గార్డు నడవమన్నది తమనే గానీ గేదెను కాదు గదా! దాన్ని అక్కడే వదిలేసి, వెనక్కి చూసుకుంటూ, ముక్కు చీదుకుంటూ ఇల్లు చేరారు.

తెల్లారి లేచి చూద్దురు గదా, చుక్క పాక ముందు నిలబడి ఉంది. తనంతట తనే వచ్చేసింది. పాపం, దానికి వీళ్ళంత తెలివి లేదు. పైడితల్లి సంబరంగా పాలు పితికి టీ కాచింది. తలో గ్లాసూ తాగేశారు. గ్లాసు కింద పెట్టాక నూకయ్య మొహం పాలిపోయింది.

"కొంప మునిగిందే! ఈ పాలు ఏ ఆకులు మేస్తే వచ్చాయి? ఆ ఆకులిప్పుడు మన కడుపుల్లో ఉన్నాయే!"

సర్కారు సొత్తు తిన్నవాళ్ళుగా బతకడం ఆ ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. గేదెను కట్టెయ్యడం కూడా మర్చిపోయి, పరుగున పోయి కొత్త పాసు రాయించుకుని, అడవిలో వాగు పక్కన వరసగా కూర్చున్నారు, కడుపులు ఖాళీ అయ్యేదాకా.

సాయంత్రం పాలు పితికే వేళ దాటుతోంది. పొదుగు బరువెక్కిన చుక్క వాళ్ళను వెతుక్కుంటూ అడవి దారి పట్టింది. దూరాన దాన్ని చూసి నూకయ్యకు ప్రాణం పోయినంత పనైంది. రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ, గుసగుసగా బతిమాలాడు.

"చుక్కా, రాకే తల్లీ! నీకు పాసు లేదే!"

చుక్క ఆగలేదు. సింహాచలం కళ్ళు తుడుచుకున్నాడు.

"నిన్ననే చెప్పాను గదా బావా, దీనికి చెవుడని."