సున్నపు బొట్టు పడ్డ మామిడి బుట్ట

రాజుగారి గుత్తివంకాయలోంచి పురుగు తొంగి చూసింది. అదీ ఎప్పుడనుకున్నారు? పొరుగు దేశపు రాజు పక్క విస్తరి ముందు కూర్చుని "ఆహా, ఏం రుచి!" అంటున్నప్పుడు!

చింతలగిరి రాజు భూపాలదేవుడికి తల కొట్టేసినట్టయింది. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే ఆజ్ఞ వేసేశాడు.

"రేపట్నుంచి మచ్చ ఉన్న పండు గానీ, వంకర ఉన్న కాయ గానీ నా కోట గుమ్మం దాటడానికి వీల్లేదు! మూడుసార్లు చెడ్డ సరుకు తెచ్చినవాళ్ళ తోట లాక్కుంటాను!"

సరుకు పరీక్షించే పని కొలువులో ఉండే కొండలరాయుడు ఎగబడి పుచ్చుకున్నాడు. ఆయన సంగతి ఏం చెప్పమంటారు! చందమామని చూపించినా "మచ్చ ఉంది, వెనక్కి పంపండి" అనే రకం.

కోట గుమ్మం దగ్గర పరుపు వేయించుకుని కూర్చునేవాడు.

"ఈ వంకాయ ముచ్చిక పక్కకి ఒరిగింది. వద్దు!"

"ఈ పొట్లకాయ మెలిక తిరిగింది. వద్దు!"

పాపం, ఒక రైతు పొట్లకాయ కొసకి రాయి కట్టి, కర్రలా సాగదీసి తెచ్చాడు. "మరీ నిటారుగా ఉంది, పొగరు!" అని దాన్నీ వద్దన్నాడు మహానుభావుడు.

వద్దన్న బుట్టకి బొటనవేలితో సున్నపు బొట్టు పెట్టేవాడు. బొట్టు పడ్డ సరుకు వెనక్కి పట్టుకెళ్ళకూడదట, దోషమట! "మా పెరట్లో గొయ్యి తీసి నా చేతుల్తో పాతేస్తా" అనేవాడు. గొయ్యి సంగతి దేవుడెరుగు, నెల తిరక్కుండా ఆయన పొట్ట మాత్రం బానెడైంది. రాజుగారికి దక్కిందేమిటయ్యా అంటే, నూనె రాసినట్టు మెరిసే పచ్చి కాయలు. కొరికితే దవడ పట్టేసేది. "పోనీలే, మచ్చ లేదుగా" అని దవడ నిమురుకుంటూ తినేవాడు.

ఒక రోజు సూరమ్మ అనే తోటమనిషి, కొలువులో చమత్కారి అని పేరుపడ్డ గురవన్న దగ్గరికి ఏడుస్తూ వచ్చింది.

"గురవన్న బాబూ, నా మామిడి రసాలకి ఆ రాయుడు రెండుసార్లు బొట్టు పెట్టేశాడు. రేపు మూడోసారి. మా అత్త కడవలతో నీళ్ళు మోసి పెంచిన తోట బాబూ! అది పోతే నేనెలా బతకను?"

గురవన్న ఆమె తెచ్చిన పండు ఒకటి పిసికి జుర్రాడు. రసం మోచేతి దాకా కారింది. అంతలోనే ఒళ్ళు మండిపోయింది కూడా.

"దీన్నా వాడు వద్దన్నది! ఏడవకు సూరమ్మా. రేపు బుట్ట నేరుగా సభకి పట్రా. నా పట్టు ఉత్తరీయం నేను తెచ్చుకుంటాను."

మర్నాడు నిండు సభలో కొండలరాయుడు ఆ పళ్ళను చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఛీ ఛీ! నల్ల మచ్చలు, మెత్తని ఒళ్ళు! పశువు కూడా ముట్టదు మహాప్రభూ!" అంటూ బుట్టకి బొట్టు పెట్టేశాడు.

"మూడోసారి!" అన్నాడు రాజు. "సూరమ్మా, ఇక నీ తోట..."

"ఒక్క మనవి మహాప్రభూ!" గురవన్న అడ్డుపడ్డాడు. "ముందు మన రాయుడుగారికి సన్మానం జరగాలి. మనందరికీ మేలైనవి తినిపిస్తూ, తాను మట్టి తవ్వుకుంటున్నారు. ఇదేం న్యాయం? ఇవాళ్టి నుంచి ఆయన బాగుందన్న సరుకు ఆయనింటికే పంపండి. వద్దన్నది మనమే పాతిపెట్టించుకుందాం."

సన్మానం అంటే చాలు, భూపాలదేవుడు పొంగిపోతాడు. "భేష్! పొద్దున బాగున్నాయన్న ఆ మెరిసే కాయలన్నీ రాయుడి ఇంటికి పంపండి!"

రాయుడి మొహం కాకరరసం తాగినట్టయింది. ఆ కాయల సంగతి ఆయనకి తెలీదూ!

గురవన్న సూరమ్మ బుట్ట భుజానికెత్తుకుని, "దీన్ని పాతించి, ఇంకో బుట్ట పట్టుకొస్తా" అంటూ బయటికెళ్ళాడు. కాసేపటికి పట్టుబట్ట చుట్టిన బుట్టతో తిరిగొచ్చాడు.

"ఇది చూడండి రాయుడుగారూ. మచ్చలున్నాయి, మెత్తగానూ ఉంది. వద్దంటారేమో?"

"ఆగవయ్యా!" రాయుడు బుట్టని వాటేసుకున్నంత పని చేశాడు. "ఇవి మచ్చలా? పుట్టుమచ్చలు! లక్షణం! మెత్తదనమంటావా, చెట్టున పండిన గుర్తు. ఇంత మేలైన పండు నా జన్మలో చూళ్ళేదు. మా ఇంటికి పంపించెయ్యండి మహాప్రభూ!"

గురవన్న పట్టుబట్ట లాగేశాడు. బుట్ట మీద సున్నపు బొట్టు, ఇంకా తడి కూడా ఆరలేదు!

"మహాప్రభూ, ఇది ఇందాకటి బుట్టే! పండు మారలేదు, మచ్చ మారలేదు. మారిందల్లా అది వెళ్ళే ఇల్లు!"

రాయుడు గబుక్కున బొటనవేలు వీపు వెనక దాచేశాడు.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాట్ట!" అన్నాడు రాజు. సభంతా గొల్లుమంది. భటులైతే బల్లేలు పక్కన పడేసి మరీ పొట్టలు పట్టుకున్నారు.

"సూరమ్మా, నీ తోట నీదే. నీ పళ్ళకి ఇక పరీక్ష లేదు. రాయుడూ, నువ్వు మెచ్చిన ఆ మెరిసే కాయలు ఇక్కడే కూర్చుని తినవయ్యా, ఒక్కటి మిగలకూడదు!"

కటుక్కున శబ్దమైంది. కాయది కాదు, రాయుడి పన్నుది.

రాజు అప్పటికే రసాల్లో చేతులు పెట్టాడు. గడ్డం నిండా రసం. జుర్రుకుంటూనే మెడలో ముత్యాలహారం తియ్యబోయాడు.

"గురవన్నా, ఇదిగో నీ బహుమానం!"

గురవన్న బుట్ట వంక కంగారుగా చూశాడు.

"హారం ఎక్కడికీ పోదు మహాప్రభూ, ముందు ఆ బుట్ట ఇటిప్పించండి. తమరప్పుడే అడుగు దాకా వచ్చేశారు!"