చుక్కకు రెండు తాళ్ళు

అనగనగా గోదారి గట్టు పక్కన ఒక ఊళ్ళో, ఒక చిన్న చర్చి ఉండేదిట. ఊఁ కొట్టు మరి, కొట్టకపోతే చెప్పను.

ఆ చర్చికి రెండు వీధుల వాళ్ళు వచ్చేవారు. ఏటా క్రిస్మస్‌కి గట్టు వీధి వాళ్ళు వెదురు బద్దలతో పెద్ద చుక్క చట్రం కట్టేవారు. తోట వీధి వాళ్ళు దానికి రంగు కాగితాలు అంటించేవారు. ఆ తర్వాత చెరో పక్కన తాడు పట్టుకుని చర్చి మీదికి ఎక్కించేవారు. చుక్క పైకి లేవగానే గట్టు వీధి దీవెనమ్మ పాట ఎత్తుకునేది, తోట వీధి సలోమి అందుకునేది. ఇద్దరూ ఉంటేనే పాట. ఒక్కరైతే సగమే!

ఆ చర్చి సంఘంలోనే ఎలీషా అని ఒకాయన ఉండేవాడు. ఒకరోజు దీవెనమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని, ఆవిడిచ్చిన కాఫీయే తాగుతూ, "నాకెందుకులే గానీ అక్కా, నీ గొంతు పగిలిన కంచు చెంబని సలోమి అందిట" అన్నాడు.

దీవెనమ్మకి ఎక్కడలేని కోపం వచ్చింది. వెళ్ళి అడగొచ్చు కదా? అడగలేదు, పిచ్చిది! మూతి ముడుచుకుని కూర్చుంది. అటు సలోమి కూడా ఎందుకో మొహం తిప్పేసుకుంది.

ఆ అలక రెండు వీధులకీ పాకి, వీధికీ వీధికీ మాటల్లేకుండా పోయాయి. వేరే చర్చి కట్టుకుందాం అనేదాకా వచ్చింది. ఇక నా పాట అందుకునేదెవరని దీవెనమ్మ లోలోపలే ఏడ్చింది.

ఎలీషా ఇంటింటికీ మాటలు మోస్తాడని విని, పాస్టరు గారు అతన్ని ఒంటరిగా పిలిచి మందలించారు. "అలాగే అయ్యగారూ" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకెళ్ళి చెప్పారు. "అలాగే, అలాగే" అన్నాడు. మర్నాడు ఇంకో వంటింట్లో కాఫీ!

చుక్క ఎక్కించే సాయంత్రం వచ్చింది. గట్టు వీధి వాళ్ళు కాగితం లేని ఉత్త చట్రమే పట్టుకొచ్చారు. తోట వీధి వాళ్ళు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు. గట్టు వీధి వాళ్ళు తమ వైపు తాడొక్కటే లాగుతున్నారు. చుక్క పైకి వెళ్ళింది, ఇంకా వెళ్ళింది... అంతలో గాలి! చుక్క ఒరిగిపోయింది! కింద పిల్లలు!

దీవెనమ్మ ఒక్క ఉరుకున వెళ్ళి రెండో తాడు పట్టుకుంది. ఒక్కదాని బలం చాల్లేదు, కాళ్ళు జారిపోతున్నాయి. అప్పుడు వెనక నుంచి ఇంకో రెండు చేతులు తాడు మీద పడ్డాయి. ఎవరనుకున్నావు? సలోమి! చుక్క నిలబడింది!

"నాది పగిలిన చెంబు గొంతన్నావుట కదా వదినా?" అంది దీవెనమ్మ రొప్పుతూ.

"నేనా! నాది గాడిద గొంతని నువ్వు అన్లేదూ?"

"ఎవరు చెప్పారు?"

ఇద్దరూ ఒక్కసారే అన్నారు, "ఎలీషా!"

సంఘమంతా గుంపులో ఉన్న ఎలీషా వైపు తిరిగింది. పాస్టరు గారు మూడోసారి, అందరి ముందూ మందలించారు.

అప్పుడు దీవెనమ్మ, "తమ్ముడూ, మా ఇంటికి రా, కాఫీ తాగు. కానీ ఇంకొకళ్ళ మాట మోసుకొచ్చావో, చెయ్యి పట్టుకుని వాళ్ళింటికే తీసుకెళతాను" అంది.

ఎలీషా గొంతు సవరించుకున్నాడు. "నాకెందుకులే గానీ..."

"పద, వాళ్ళ ముందే చెబుదువుగాని!" అని రెండు వీధులూ ఒక్కటే కేక! టక్కున నోరు మూసుకున్నాడు.

చట్రం దించి, అప్పటికప్పుడు కాగితాలు అంటించి, రెండు తాళ్ళూ లాగారు. దీవెనమ్మ పాట ఎత్తుకుంది. ఒక్క క్షణం ఆగి, భయంభయంగా పక్కకి చూసింది. సలోమి అందుకుంది!

పాట ఏటి ఒడ్డుకి,
చుక్క ఎగిరె మింటికి,
కథ వెళ్ళె కంచికి,
నిద్ర నీ కంటికి.