తప్పెటగుళ్ల దిబ్బ మీద ఖో-ఖో

సూరప్పడు మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. అడిగినవాళ్ల ముఖం ఒకసారి చూస్తారు, మెడలో తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకుంటారు, "రేపు రా" అంటారు. ఆ రేపు వెళ్తే అక్కడ మాటలుండవు, ఏదో ఒక పని ఉంటుంది. అది చేసి ఇంటికొచ్చాక, అన్నం కలుపుకుంటూ ఉండగానో, బట్టలు ఉతుక్కుంటూ ఉండగానో, అడిగినదానికి జవాబు ఎప్పుడో వచ్చేసిందని తెలుస్తుంది. తెలియనివాళ్లూ ఉన్నారు. వాళ్లు ఆయన్ని తిక్క మనిషి అన్నారు. జీవితమంతా పేదపిల్లలకి ఖో-ఖో నేర్పిన మనిషి అంతకన్నా పెద్ద మాటలే పడ్డారు.

ఆయన దగ్గర ఆట నేర్చుకున్నవాళ్లలో తవిటమ్మ ఒకతె. జూట్ మిల్లు కూలీ కూతురు. బడి మాన్పించి తనతో పాటు మిల్లులో పెడతానన్న తండ్రితో మిల్లు గేటు దగ్గర నిలబడి పోట్లాడి, పదిమందిలో తిట్లు తిని, ఆ పిల్లని మళ్లీ బళ్లోకీ ఖో-ఖో కోర్టులోకీ తెచ్చింది మాస్టారే. ప్రాక్టీసు అయ్యాక నానబెట్టిన శనగలు గుప్పెడు, బెల్లం ముక్క ఒకటి చేతిలో పెట్టేవారు. ఎక్కడివని ఆ రోజుల్లో తవిటమ్మ అడగలేదు. ఆకలిగా ఉన్న పిల్లలు అలాంటివి అడగరు. ఇప్పుడామె చంపావతి ఏటి ఒడ్డున ఆడపిల్లల హాస్టల్ బళ్లో ఆటల టీచరు. ఆ శనగలు తలచుకోకుండా ఆమె ఒక్క పూటా విజిలు ఊదలేదు.

ఆ బళ్లో సాయంత్రం ఆటల గంట మీద అందరికీ కన్నే. లెక్కల సారు అడుగుతాడు, సైన్సు టీచరు అడుగుతుంది. పొద్దస్తమానం బెంచీలకి అతుక్కుపోయిన పిల్లల ఒంటికి గాలి తగిలే గంట అదొక్కటే. పిల్లల అన్నంలోంచి ముద్ద తీస్తే అందరం కేకలేస్తాం. ఆటలోంచి గంట తీస్తే మాత్రం దానికి క్రమశిక్షణ అని పేరు పెడతాం! కిందటి పోటీల్లో తవిటమ్మ జట్టు మొదటి మ్యాచిలోనే ఓడిపోయి వచ్చేసరికి ప్రిన్సిపాల్ గారికి సాకు దొరికింది. "జోనల్లో కూడా మొదటి మ్యాచికే మూటలు కట్టుకొస్తే, ఆ గంట ఇంక చదువులకే తవిటమ్మా. నన్ను అనకు" అని ఆమె తేల్చి చెప్పేసింది.

తవిటమ్మ ఆ రాత్రే కాగితం ముందేసుకుని కూర్చుంది. గంటను ముక్కలుగా కోసి గోడకి చార్టు అంటించింది. ఇంత సేపు పరుగు, ఇంత సేపు పోల్ చుట్టూ మలుపు, ఇంత సేపు డైవు, ఇంత సేపు దొరక్కుండా తిరిగే గొలుసు ఆట. ప్రతి ముక్కకీ ఒక విజిలు, ప్రతి అడుగుకీ ఒక కేక. పిల్లలు గడియారంలో ముల్లులా తిరిగారు. ఆ తిరగడం చూసినకొద్దీ ఆమెకి భయమే పెరిగింది, ఎందుకంటే కిందటిసారీ ఇలాగే తిరిగారు. చివరికి మాస్టారి అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

"మాస్టారూ, ప్రాక్టీసులో ఒక్క తప్పుండదు. మ్యాచిలో కూర్చున్నోళ్లు కూర్చున్నట్టే ఉండిపోతారు. లేదంటే చెయ్యి పడకముందే లేచి ఫౌలు. ఆ గంటలో ఇంకా ఏటి పెట్టమంటారు?"

ఆ ఓడిన మ్యాచి మాస్టారు జనంలో నిలబడి చూశారు. అయినా దాని ఊసెత్తలేదు.

"పిల్లగుంటలు అన్నం సరిగా తింటన్నారా?"

"తింటన్నారు మాస్టారూ. నానడిగింది..."

"రేపు సాయంత్రం తప్పెటగుళ్ల దిబ్బ మీదికి తీసుకురా."

"ఆ మోతలోకా! చెవిలో చెప్పినా వినపడదు కదండీ అక్కడ."

మాస్టారు తువ్వాలు దులిపారు. "సున్నం మర్చిపోకు" అన్నారు.

ఏటి ఒడ్డున ఆ దిబ్బ మీద ఊరంతా చేసుకునే గైరమ్మ పండగకని తప్పెటగుళ్ల బృందం రోజూ సాధన చేస్తుంది. గుండెలకి రేకు తప్పెట్లు కట్టుకుని, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ రెండు చేతులా వాయిస్తూ ఎగురుతారు. బృందం పెద్ద గొర్లె పోలినాయుడు, పిల్లలు సున్నంతో గీతలు గీస్తుంటే వచ్చి చూశాడు.

"ఏటి మాస్టారూ, మా మోతకి మీ ఆట చెడిపోదేటి?"

"మీరు గట్టిగా వాయించండి నాయుడూ. మొహమాటపడకండి."

"మొహమాటమా? మాకా?" అని పోలినాయుడు నవ్వుకుంటూ వెళ్లి తప్పెట మీద చెయ్యి వేశాడు.

ఆ ఆటలో కూర్చున్న పిల్లకి వెనక ఏం జరుగుతోందో కనపడదు. తరుముతున్న పిల్ల వెనకనుంచి వచ్చి వీపు మీద చరిచి ఖో అనాలి, అప్పుడు లేవాలి. ఖో ఇచ్చిన పిల్ల ఆ ఖాళీ అయిన చోట వెంటనే కూర్చోవాలి. ఇంతే ఆట. కానీ ఆ సాయంత్రం అది ఆటలా లేదు. తవిటమ్మ విజిలు ఊదింది, ఎవరికీ వినపడలేదు. "లే! ఎడమకి! ఎడమకే!" అని గొంతు చించుకుంది, ఆ కేక తప్పెట్లలో కలిసిపోయింది. అప్పుడు చూసిందామె. కూర్చున్న పిల్లల మెడలన్నీ తన వైపే తిరిగి ఉన్నాయి. ముత్యాలు అనే పిల్ల వీపు మీద చెయ్యి పడింది, అయినా ఆ పిల్ల లేవలేదు. మేడం నోరు ఎప్పుడు కదులుతుందా అని కళ్లప్పగించి చూస్తోంది.

తవిటమ్మకి ఓడిన మ్యాచి గుర్తొచ్చింది. మ్యాచిలో మైకు అరుపులు, జనం ఈలలు. అక్కడా ఇలాగే తన నోటికేసి చూశారన్నమాట!

మాస్టారు వచ్చి ఆమె మెడలోంచి విజిలు తీసేసుకున్నారు. చీర కుచ్చిళ్లు చూపించి, దోపుకోమని సైగ చేశారు. ముత్యాలుని లేపి వేరే గళ్లోకి పంపి, ఆ గళ్లో తవిటమ్మని కూర్చోమన్నారు. మోకాళ్లు పటపటలాడాయి, పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు. వేళ్లు నేలకి ఆనించి, ఒంటిని ముందుకు వంచి కూర్చుంది. వెనక అడుగులు ఉన్నాయో లేవో తెలియడం లేదు. చెవుల నిండా రేకుల మోతే. ఏం చెయ్యాలో చెప్పే మనిషి కోసం ఆమె మెడ కూడా దానంతటదే గీత వైపు తిరిగింది. తను రోజూ నిలబడే చోటు అది. అక్కడెవరూ లేరు.

ఫట్టున వీపు మీద చెయ్యి పడింది. చిన్న చెయ్యి, చెమట చెయ్యి. ఖో అన్న మాట వినపడనే లేదు, ఆ చెయ్యే చెప్పింది. లేచింది. ఎన్నాళ్లకో పరిగెత్తింది. ముందు పరిగెడుతున్న పిల్ల అందలేదు. ఊపిరి ఎగపోస్తూ, దారిలో కూర్చున్న పిల్ల వీపు మీద చరిచి ఖో అంది. ఆ పిల్ల బాణంలా లేచింది. తవిటమ్మ అక్కడే నిలబడి, చెయ్యి చాచి, "ఎడమకి పో! ఎడమకే! పోల్ వదలకు!" అని అరుస్తూనే ఉంది.

సరిగ్గా అప్పుడే తప్పెట్లు చరణం ముగించి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ముత్యాలు గొంతు దిబ్బంతా వినపడింది.

"ఒలమ్మో, మేడం ఫౌలు! ఖో ఇచ్చేసి నిలబడిపోయారు! కూకోండి మేడం!"

పిల్లలు పడీపడీ నవ్వారు. పోలినాయుడి మనుషులు కూడా నడుముల మీద చేతులు పెట్టుకుని నవ్వారు. తవిటమ్మ ముఖం కందిపోయింది. కూర్చుంది. కూర్చున్నాక నోరు మూసుకుంది. మళ్లీ తప్పెట్లు మొదలయ్యాయి, ఆట కూడా మొదలైంది. మెల్లగా ఒక్కొక్క మెడా ముందుకి తిరగడం ఆమె కింద కూర్చుని చూసింది. ముత్యాలు ఎడమకి పోవలసిన చోట కుడికి పోయింది. తను గీత దగ్గర ఉంటే ఆ పిల్లని తిట్టి ఉండేది. ముత్యాలు కుడి నుంచే వచ్చి ముందున్న పిల్లని ముట్టుకుంది.

దిబ్బ దిగేటప్పుడు మాస్టారు విజిలు తిరిగి ఇవ్వలేదు. ఆమె అడగలేదు.

మర్నాడు గోడ మీది చార్టు చిన్నదైంది. కళ్లు మూసుకుని చెయ్యి కోసం కాచుకునే సాధన ఒకటి, ఎటు పోవాలో పిల్లలే నిర్ణయించుకునే ఆట ఒకటి, ఆఖర్న అందరూ కూర్చుని ఎక్కడ తప్పారో వాళ్లే చెప్పుకోవడం. మధ్యలో ఖాళీలు. ఆ ఖాళీల్లో నోరు కట్టుకుని ఉండడం ఆమెకి డైవు కన్నా కష్టమైంది.

జోనల్ పోటీల్లో మొదటి మ్యాచి అంతా తవిటమ్మ అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. మైకు గోల పెట్టింది, జనం ఈలలు వేశారు. ఆఖరి నిమిషం దాకా వెనకబడి, అప్పుడు సమానానికి వచ్చారు. రెండుసార్లు ఆమె గొంతు దాకా మాట వచ్చింది, రెండుసార్లూ మింగేసింది. ముత్యాలు వీపు మీద చెయ్యి పడింది. ఆ పిల్ల ఎవరి ముఖమూ చూడలేదు. లేచి, పోల్ మీదికి ఒరిగి, గాల్లోనే అవతలి పిల్లని తాకింది. ఒక్క పాయింటుతో గెలిచారు. మర్నాటి మ్యాచిలో ఓడారు. అయినా ప్రిన్సిపాల్ గారి షరతు మొదటి మ్యాచి గురించే. ఆటల గంట నిలబడింది. మాట తప్పడానికి దారి దొరకక ఆమె "సరే, ఆడుకోండి" అంది. ఆ రెండు మాటలకీ పిల్లలు హాస్టల్ వరండా ఎగిరిపోయేలా కేకలు పెట్టారు.

ఆ ఆదివారం తవిటమ్మ పిల్లలందరినీ వెంటబెట్టుకుని మాస్టారి అరుగుకి వచ్చింది. నానబెట్టిన శనగలూ బెల్లమూ గిన్నె నిండా ఆయన ముందు పెట్టింది. వంగి కాళ్లకి దణ్ణం పెట్టింది. మాస్టారు శనగలు ముందు పిల్లల చేతుల్లో పోశారు, మిగిలినవి తను నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. పళ్లు లేవు మరి.

"అప్పుడు మిల్లు గేటు కాడ మీరు రాకపోతే..." అంది తవిటమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "వచ్చే ఏడు ఈళ్లని జిల్లా దాటించాలి మాస్టారూ. నాకు ధైర్యం చాలదు. మీరొచ్చి ముందు నిలబడండి, మీ వెనక నానుంటాను."

మాస్టారు బెల్లం ముక్క ఆమె చేతిలో పెట్టారు. "నీకు ఖో ఇచ్చి కూకుని చాన్నాళ్లయిందమ్మీ" అన్నారు. "ఇప్పుడు లేపి నా చేత ఫౌలు చేయించకు."