ఒంటేలు అడిగే దాలమ్మ

అనగనగా, సముద్రానికి ఉప్పు రుచి అప్పుడప్పుడే అబ్బుతున్న రోజుల్లో, ఉప్పుమడుల్లో గురువులనే అనుమానపు మనిషి ఉండేవాడు. కథ చెప్పే నేనూ తక్కువవాణ్ణి కాను. మీరు ఊఁ కొడుతుంటే నిద్రలో కొడుతున్నారేమోనని నా అనుమానం. గురువులు నన్ను మించినవాడు. నీడ తనకన్నా ముందు నడిస్తే, ఎక్కడికి పోతున్నావని నిలదీసేవాడు.

ఆ మడులకు తాగేనీళ్లు దాలమ్మ మోసుకొచ్చేది. మొగుడు పోయిన మనిషి. ముంత అందిస్తూ ప్రతివాణ్ణీ మూడు మాటలడిగేది.

"నీళ్లు తాగావా? ఒంటేలు పోశావా? రంగెలా ఉంది?"

గురువులుకి అనుమానం తగిలి, మడులంతా చాటాడు. "మన ఒంటేలుతో దీనికేటి పని? చేతబడి గాని చేస్తందేటి?"

అంతే. ఆవేళనించి దాలమ్మకు జవాబు చెప్పినవాడు లేడు.

ఎండ ముదిరింది. గురువులుకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తాగితే ఇంకా జారుతుందని నీళ్లు ముట్టలేదు. దాలమ్మ నీళ్లయితే అసలే ముట్టలేదు. విరేచనాలు కట్టాయి. వాటి వెనకే ఒంటేలూ కట్టింది. వచ్చిన నాలుగు చుక్కలూ చింతపండు పులుసు రంగు. నాలుక పిడచగట్టింది. పట్టపగలు మగతగా పడుకున్నాడు. పెళ్లాం భయపడి దాలమ్మను పిలుచుకొచ్చింది.

"ఒంటేలు పోశావా?"

"నీకెందుకప్పా?"

దాలమ్మ మంచం పక్కన కూర్చుంది. "మా ఆయన నడుంనొప్పికని ఎవడో ఇచ్చిన వేరు నూరుకు తాగాడు. ఒంటేలు తగ్గిపోయింది. సిగ్గుపడి చెప్పలేదు. మొహం, పాదాలు ఉబ్బితే ఒళ్లు చేశాడనుకుని దిష్టి తీశాన్నేను. ఇలాగే మగత కమ్మి, ఆ మగతలోనే పోయాడు. నేనడగలేదు నాయనా. అందుకే అందర్నీ అడుగుతాను."

ఉప్పేసిన పలచటి గంజి అందించింది.

"ముందు నువ్వు తాగు," అన్నాడు గురువులు.

తాగింది.

"అడుగున కలిపావేమో."

కలియబెట్టి తాగింది.

"ముంత మార్చు."

మార్చి తాగింది. అప్పుడు తనో గుటక వేశాడు. ఇలా సాగేసరికి ముందు దాలమ్మే ఒంటేలుకి పరుగెత్తింది.

వైద్యుడి దగ్గరకు బండి కడుతుండగా గురువులు గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"రంగెలా ఉంది?"

ఎగాదిగా చూసి, "పలచబడిందప్పా," అన్నాడు. చేతబడి మాట పుట్టాక దాలమ్మకు అదే మొదటి జవాబు. అయినా బండి ఎక్కించాకే ఊరుకుంది.

ఏళ్లు గడిచాయి. దాలమ్మ పోయింది. మట్టి కప్పుతుంటే గురువులు అందరి మొహాలూ అనుమానంగా చూశాడు. "రేపట్నించి నన్నెవడడుగుతాడు?" అన్నాడు. మర్నాడు తనే ముంత పట్టుకుని బయల్దేరాడు.

ఇప్పటికీ ఆ మడుల్లో ఎదురుపడితే తిన్నావా అనరు, ఒంటేలు పోశావా అంటారు. కొత్తల్లుళ్లు చిన్నబుచ్చుకుంటారు. లేదన్నవాణ్ణి చూసి మాత్రం ఎవరూ నవ్వరు. పని ఆపి వైద్యుడి గడప దాకా తీసుకెళతారు. ముంత ఇచ్చేవాళ్లు ముందో గుటక తాము తాగి మరీ ఇస్తారు. అది గురువులు లాంటివాళ్ల కోసం. నాలాంటివాళ్ల కోసం కూడాను.